గట్టు లోపలి ఇల్లు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలు వేసి చెడగొట్టే రకం నేను. ముప్పై ఏళ్ళుగా విశాఖలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. అలాగని పోయిన చలికాలంలో జరిగింది జరగలేదని చెప్పలేను కదా.

మా నాన్నకి డెబ్భై ఆరేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ ఒరిస్సాలోని జైపూర్‌లో. మా అసలు ఊరు కొత్తపేట దగ్గర గోదావరి లంక. వరదకి భయపడి తాతయ్య కాపురం ఎత్తేసిన నాటికి నాన్న ఇంకా మామ్మ కడుపులోనే ఉన్నారు. తర్వాత మావాళ్ళెవరూ ఆ వైపు వెళ్ళలేదు.

నాన్నకి ఒకటే కోరిక. మామ్మ కాపురానికొచ్చిన ఇల్లున్న చోట ఒక్కసారి నిలబడాలి. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంకో ఏడాది ఆగితే నడవలేరని డాక్టరు చెప్పేశారు. ఆ చోటు ఎప్పుడో ఏట్లో కలిసిపోయి ఉంటుందని నా భయం.

మా దగ్గరున్న ఆధారం మామ్మ మాట ఒక్కటే. గట్టు లోపల, రేవుకెళ్ళే బళ్ళదారి పక్కన అనేది. ఇల్లెలా ఉండేదో ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది, అందుకని మేమూ అడగడం మానేశాం.

ఆ ఊరు చేరి ఏటిగట్టుకి ఇవతల, ఊరి వైపంతా పొద్దున్నుంచీ గాలించాం. లోపల అంటే ఊరి లోపలే కదా అని నా తెలివి. ఫోన్లో మ్యాపు పట్టుకుని కొబ్బరితోటల చుట్టూ తిరిగి చెమటలు కక్కాను. నాన్న ఆటోలో కూర్చుని నన్ను చూసి నవ్వుకుంటున్నారు.

పదకొండు దాటాక ఆయన ఆటో దిగారు. గట్టెక్కి నది వైపు దిగిపోయారు. చేతికర్ర ఆటోలోనే ఉండిపోయింది. నేను వెనకే పరిగెత్తాను. మాతో వచ్చిన మా ఆవిడ గట్టుమీద నిలబడి ఫోన్లో వీడియో తీస్తోంది.

కింద అరటిచెట్లు నరికేసిన ఖాళీ మడి ఉంది. నాన్న సూటిగా నడిచి, మడి మధ్యలో ఒకచోట బాగా వంగి, రెండడుగులు వేసి, మళ్ళీ నిటారుగా నిలబడ్డారు. కాలికేదో తగిలిందనుకున్నాను. నేల చదునుగా ఉంది. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేదు.

పక్క మడిలో గడ్డి కోస్తున్న పెద్దాయన మా దగ్గరికి వచ్చారు. ఎనభై అయిదేళ్ళట. మా ఇంటిపేరు చెప్పగానే ఆయన నాన్న చెయ్యి పట్టేసుకున్నారు.

"ఆయ్, ఇదేనండీ మీ ఇంటి చోటు. లంకోళ్ళకి గట్టు లోపలంటే గోదారి వైపండీ."

కాసేపటికి పెద్దాయన నన్ను పక్కకి పిలిచారు.

"మీ నాన్నగారు ఇంతకుముందెప్పుడైనా వచ్చేరా అండీ?"

లేదన్నాను.

"మరి చూరుకి తల వంచేరేంటండీ? తాటాకిల్లండీ అది, చూరు మరీ కిందకుండేది. పెద్దోళ్ళంతా సరిగ్గా అక్కడే వంగి లోపలికెళ్ళేవోరు. మీవోళ్ళు వెళ్ళిపోయిన కొన్నేళ్ళకి పడిపోయిందండీ."

నాన్నని అడిగితే తను వంగనేలేదన్నారు. ఆ మడిలోనే కూర్చుని, పెద్దాయన కొట్టించి ఇచ్చిన బొండాం తాగుతూ గంటసేపు కబుర్లు చెప్పారు. నాన్నని అంత హాయిగా నేనెప్పుడూ చూడలేదు. నాకు కడుపు నిండిపోయింది.

ఇంటికొచ్చాక నాకు తోచిన కారణాలన్నీ ఏరుకున్నాను. నాన్నకి పసితనంలో మామ్మ ఎప్పుడో చెప్పి ఉంటుంది, లేదా ఎండకి కళ్ళు తిరిగి ఉంటాయి. వీడియో చూసేదాకా అవి నాకు సరిపోయాయి.

వీడియోలో నాన్న వంగి లేస్తారు. నాలుగడుగుల వెనక నేను, ఆయన పడిపోతారేమోనన్న కంగారులో పరిగెత్తుకొస్తుంటాను. సరిగ్గా అక్కడికొచ్చేసరికి నేనూ తల వంచాను. వంచినట్టు నాకు గుర్తే లేదు.

నాన్నకి చూపించాను. ఆయనకి అందులో వింతేమీ కనబడలేదు.

"ఇంట్లోకొచ్చేవు కదరా మరి," అన్నారు.