ఏడు గుండ్ల మొక్కు

అది 1983 వేసవి. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ సర్జికల్ వార్డుకు నేను ఇన్‌చార్జి సిస్టర్‌ని. ఆపరేషన్ కావలసినవాళ్ళూ అయినవాళ్ళూ ఉండే వార్డు అది. కొండకు నడిచెక్కుతూ కాలు విరగ్గొట్టుకున్న యాత్రికుల నుంచి, చెరుకు కొట్టే కత్తి తగిలించుకున్న చిత్తూరు కూలీల దాకా అందరూ మా మంచాల మీదికే వచ్చేవాళ్ళు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏదని. నెత్తుటి కథ ఏదో చెబుతానని ఎదురుచూస్తారు. నేను మునెమ్మ సంగతి చెబుతాను.

మునెమ్మది కాణిపాకం దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి. పాడి ఆవులున్నాయి, ఊళ్ళో సగం ఇళ్ళకు ఆమే పాలు పోసేది. మొగుడు గోవిందప్ప మంచివాడే గానీ, ఆసుపత్రి వాసన తగిలితే కళ్ళు తిరిగే రకం. గేటు బయటే కూర్చుండిపోయేవాడు. లోపలికి తోలుకొచ్చింది అత్త చెంగమ్మ. ఆవిడ నోటికి మా వార్డు మొత్తం రెండు రోజుల్లోనే భయపడటం నేర్చుకుంది.

మునెమ్మ పైట తీస్తే కుడి రొమ్మంతా ఎర్రజాజు మట్టి పూత. దాని మీద సింహం బొమ్మ. మా వైపు ‘అక్కి’ అని ఒక జబ్బుంది. ఒంటికి ఒక పక్కగా మంటతో బొబ్బలు లేస్తాయి, డాక్టర్లు హెర్పిస్ అంటారు. దానికి కుమ్మరివాళ్ళ చేత జాజుతో బొమ్మ రాయించుకోవడం మా వాళ్ళ అలవాటు. రాసింది తనంతట తానే రాలిపోవాలి. కడిగితే జబ్బు లోపలికి పోతుందని భయం.

డాక్టరుగారు చూసి, “ముందు ఆ రంగు కడగండి. చర్మం కనబడకుండా నేనేం చెప్పగలను?” అన్నారు. చెంగమ్మ కోడలికి అడ్డంగా నిలబడింది.

“కడిగేదానికి ల్యా. మూడు తూర్లు రాయాల. రెండే అయినాయి. ఇప్పుడు నీళ్ళు తగిల్తే లోపలికి పోయి పేణం తీస్తాది.”

“అయితే మూడోసారి కూడా రాయించుకునే రమ్మనండి” అని డాక్టరుగారు విసురుగా పక్క మంచానికి వెళ్ళిపోయారు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడ నలిగినట్టు, మధ్యలో మునెమ్మ బిక్కమొహం వేసుకుని కూర్చుంది. నేనూ ఈ మట్టిలో పుట్టినదాన్నే. అది మూఢనమ్మకమని అక్కడ ఉపన్యాసమిస్తే ఆ అత్త మధ్యాహ్నం బస్సుకే కోడల్ని తోలుకుపోతుందని నాకు తెలుసు.

“అవ్వా, చిన్నప్పుడు నాకూ నడుం మీద అక్కి లేసింది. మా అమ్మ రాయించింది” అన్నాను. “ఎన్ని బొబ్బలని! ఈమెకు బొబ్బలు యాడ లేసినాయో సూపించు. ఆ చోటు ఇడిసిపెట్టి మిగతాది తుడుస్తా.”

చెంగమ్మ వంగి చూసింది. వేలితో అంతా తడిమింది. “బొబ్బ ల్యా” అంది చివరికి, గొంతు తగ్గించి. “ఎర్రగా కాలిపోతా ఉండాదని రాయించినాము.” ఇంకాసేపు ఆలోచించి, “నీళ్ళు తే” అంది. తనే తన చేత్తో కడిగింది.

కింద చర్మం మందంగా, ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. బత్తాయి తొక్క మీద ఉన్నట్టు సన్నటి గుంటలు. చనుమొన లోపలికి లాక్కుపోయి ఉంది. గడ్డ మాత్రం ఎక్కడా చేతికి తగల్లేదు. డాక్టరుగారు మళ్ళీ వచ్చి చంకలో చెయ్యి పెట్టి చూశారు. కోపమంతా ఎటు పోయిందో, ఆయన మొహం చిన్నదైపోయింది. “ఇన్‌ఫ్లమేటరీ కార్సినోమాలా ఉంది సిస్టర్. బయాప్సీ చేద్దాం” అన్నారు. బయాప్సీ అంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం. రిపోర్టు ఆయన అనుమానించినట్టే వచ్చింది.

రొమ్ము క్యాన్సర్లలో ఇది అరుదైన రకం. అప్పటిదాకా నేను పుస్తకంలో చదవడమే. గడ్డగా రాదు కనుక ఎవరికీ అనుమానం తట్టదు. పాలగడ్డ అనుకుంటారు, సెగ్గడ్డ అనుకుంటారు, మా వైపు అక్కి అనుకుంటారు. ఆ అనుకోవడంలోనే నెలలు గడిచిపోతాయి. జబ్బేమో వారాల లెక్కన ముందుకు పోతుంది.

“గడ్డే ల్యాకుండా క్యాన్సరు యాడిది సామీ?” అని చెంగమ్మ నిలదీసింది.

డాక్టరుగారు ఈసారి స్టూలు లాక్కుని కూర్చున్నారు. “చర్మం కింద సన్నటి కాలువలు ఉంటాయమ్మా. జబ్బు వాటిలో అడ్డంపడింది. నీరు కదలక అట్లా వాచి ఎర్రబడింది.”

“మడవలో సెత్త అడ్డంపడినట్ల” అంది చెంగమ్మ. పొలానికి నీళ్ళు కట్టిన మనిషికి అంతకంటే వివరం అక్కర్లేకపోయింది.

ఈ రకానికి మొదటే కత్తి పెడితే లాభం లేదన్నారు డాక్టరుగారు. ముందు మూడు వారాలకొకసారి కీమోథెరపీ, అంటే నరంలోకి మందు ఎక్కించడం. తర్వాత మద్రాసులో రేడియేషన్. మా జనం దాన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆపైన ఆపరేషన్ సంగతి. కీమో మందుల్లో ఒకటి ఎర్రగా దానిమ్మరసంలా ఉండేది. నరం తప్పి బయటికి కారిందంటే అక్కడ కండ కాలిపోతుంది. అది ఎక్కించినంతసేపూ నేను మంచం పక్కనుంచి కదిలేదాన్ని కాదు. మునెమ్మ కబుర్లన్నీ అప్పుడే విన్నాను. వాటిలో ముప్పాతిక అత్త మీద ఫిర్యాదులే.

రెండో దఫాకే ఎరుపు తగ్గి రొమ్ము మెత్తబడింది. అందరం సంతోషించాం. మూడో దఫాకు మునెమ్మ రాలేదు. గడువు దాటిన తర్వాత ఒకరోజు అత్త ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

“బాగైపోయినాది గదా సిస్టరమ్మా, ఇంగెందుకు?” అంది మునెమ్మ.

“బాగవలేదు, తగ్గింది” అన్నాను. “ఇప్పుడు ఆపితే మళ్ళీ లేస్తుంది. ఈసారి మందుకు కూడా లొంగదు. నిన్ను పోగొట్టుకుంటాం.”

ఆమె నెత్తిమీది కొంగు తీసింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయి, మధ్యమధ్య నున్నటి తల కనిపిస్తోంది. “ఇది సూడు. ఊర్లో అడగతా ఉండారు. క్యాన్సరని తెలిస్తే మా పాలు ఎవురు పోయించుకుంటారు? బాయికాడ నా బిందె పెట్టనిస్తారా? కడుపు సించుకుంటే కాళ్ళమీద పడతాది.”

ఆ రోజుల్లో అది అంటురోగమని చాలామంది నమ్మేవాళ్ళు. అంటదని చెప్పాను. “నువ్వు చెప్తే మా ఊరు ఇంటాదా?” అంది.

చెంగమ్మ అందుకుంది. “తిరప్తిలో నిలబడుకోని గుండుకు బయపడేది నిన్నే సూసినా. పదమ్మే కొండకు!”

“ఒగ గుండుకు సరిపోతాది అత్తా. అందురికీ మూడు నెల్లకు మొలస్తాది, నాకు మొలవదు. అప్పుడేం చెప్పాల?”

ఆ వయసులోనూ నల్లటి జుట్టు చెంగమ్మది. కొప్పు మీద అంత మోజు ఉన్న మనిషిని మా వార్డులో నేను మళ్ళీ చూడలేదు. ఆ కొప్పు మీద చెయ్యి వేసుకుని అంది. “ఏడుకొండలోనికి ఏడు గుండ్లు మొక్కుకున్నామని చెప్తా. నెలకొగటి. నువ్వొగదానివే కాదు, ఇద్దురం. దేవుని మొక్కును ఎవురడగతారు?”

“దేవుని పేరు మీద అబద్దమా?”

“అబద్దమెట్లయితాదమ్మే? ఇప్పుడే మొక్కుకుంటా ఉండా సూడు.” కిటికీలోంచి కనిపిస్తున్న కొండ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

మునెమ్మ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. ఆ రోజే మూడో దఫా ఎక్కించాం. మందు మీద ఉన్నవాళ్ళకు చిన్న గాటు పడినా చీము పడుతుంది కనుక, కొండ మీద మంగలిని కొత్త బ్లేడు అడగమని మరీమరీ చెప్పి పంపాను. తర్వాతి దఫాకు అత్తాకోడళ్ళిద్దరూ నున్నటి గుండ్లతో, వాటి మీద గంధంతో దిగారు. ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదట. పైగా కొండకు పోతున్నారు కదా అని తమ ముడుపులు కూడా వీళ్ళ చేతికే ఇచ్చి పంపేవాళ్ళట. “మోయలేక సస్తా ఉండా” అని చెంగమ్మ విసుక్కునేది.

ఇక మద్రాసుకు వెళ్ళేముందు మా దగ్గర చివరి దఫా ఎక్కించిన రోజు. పక్క మంచం మీద సూళ్లూరుపేట నుంచి వచ్చిన టీచరమ్మ ఉంది, చిన్న వయసు. ఆమెదీ రొమ్ము క్యాన్సరే, మామూలు రకం. జుట్టు ఊడుతుందని విన్నప్పటి నుంచి గోడ వైపు తిరిగి పడుకుని సూది పెట్టనివ్వలేదు. డాక్టరుగారు చెప్పారు, నేను చెప్పాను, వినలేదు. తన మందు అయ్యాక మునెమ్మ మంచం దిగి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. కొంగు తీసేసింది.

“ఇది ఒట్టి మొక్కు గుండు కాదు తల్లీ. నాకు క్యాన్సరు. ముట్టుకో, ఏం కాదు.”

తన జబ్బు పేరు మునెమ్మ బయటి మనిషికి చెప్పడం అదే మొదలు. ఆ అమ్మాయి చాలాసేపటికి ఇటు తిరిగి, ఆ గుండు మీద చెయ్యి వేసింది. తర్వాత చెయ్యి నాకు చాపింది, సూది కోసం.

మునెమ్మకు మద్రాసులో కరెంటు పెట్టారు, ఆపరేషన్ కూడా అయింది. మొక్కు తీరి జుట్టు మొలిచాక ఊళ్ళో జబ్బు పేరు తనే చెప్పిందట. రెండిళ్ళవాళ్ళు పాలు మానేశారు, మిగతావాళ్ళు మానలేదు. ఆ కాలంలో ఈ జబ్బుతో ఎక్కువకాలం బతికినవాళ్ళు అరుదు. ఆమె మరో ఐదేళ్ళు పాలు పోసింది. తర్వాత జబ్బు వెన్నులోకి పాకింది, మనిషి దక్కలేదు. ఆ కబురు చెప్పడానికి చెంగమ్మ తిరుపతి బస్సెక్కి నా దగ్గరికి ఒంటరిగా వచ్చింది. “కూతురు పోయినా ఇంత ఏడవను సిస్టరమ్మా” అంది.

మునెమ్మ కేసు తర్వాత నా పనిలో ఒక్కటే మారింది. కొత్త పేషెంటు వస్తే నొప్పి ఎక్కడని అడగడానికి ముందు, “ఇంట్లో ఎవరికి తెలుసు?” అని అడుగుతాను. ఎవరికీ తెలియదంటే సిరంజి పక్కన పెట్టి మంచం మీద కూర్చుంటాను. ఆమెకు తోడు ఎవరో ఇద్దరం కలిసి తేల్చుకున్నాకే మందు.