కప్పల మాస్టారి ఎర్రసిరా

కప్ప అరుపు వింటే చాలు, దాని వయసే కాదు, దానికి పెళ్ళయిందో లేదో కూడా కప్పల మాస్టారు చెప్పేస్తాడని కాలేజీలో అంటారు. ముప్పై ఏళ్ళు వాన అడవుల్లో తడిసిన మనిషి. తరగతి గదిలోనూ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచే నిలబడతాడు, పాఠం మధ్యలో బెకబెకమంటాడు. విద్యార్థుల వ్యాసాల్లో వాగు పేరో, కొండ పేరో కనిపిస్తే మాత్రం ఆయన నవ్వు ఆగిపోతుంది, ఎర్రసిరాతో కొట్టేస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఆయనే ఒక నీలికప్పను కనిపెట్టి, అది ఉండే వాగుకు దారి మలుపు మలుపునా వివరించి అచ్చు వేయించాడు. ఏడాది తిరగకుండా కప్పలమ్ముకునేవాళ్ళు ఆ వ్యాసాన్నే చేతపట్టుకుని వెళ్ళి వాగును ఊడ్చేశారు.

మొన్న ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, ఇంకో వాగులో ఆ నీలికప్పలే ఉన్నాయని రాసి తెచ్చింది. మాస్టారు వాగు పేరు కొట్టేశాడు.

“చోటు చెప్పకపోతే అచ్చు వెయ్యరట సార్.”

“వెయ్యకపోతే పీడా పోయింది. దాచుకో తల్లీ.”

“మీకు పేరొచ్చేసింది కాబట్టి ఎన్నయినా చెబుతారు. మరి నాకు ఉద్యోగం ఎవరిస్తారు?”

మాస్టారు కలం మూత మళ్ళీ తీశాడు. ఆ పాత వ్యాసం చూసే కాలేజీవాళ్ళు తనను పిలిచి ఉద్యోగమిచ్చారు. కొట్టేసిన పేరును తన చేత్తోనే పైన మళ్ళీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే సంచీ సర్దుకుంటుంటే భార్య అడిగింది. “ఈ నొప్పుల కాళ్ళేసుకుని ఎక్కడికండీ?”

“ఆ అమ్మాయి చెప్పిన వాగు దగ్గరికి. అవి ఉండగానే ఒకసారి వాటి అరుపు విని వస్తాను.”