క్రిస్పులో అన్న వ్యాను కింది మూత

వాడకుండా దాచితేనే వస్తువు కొత్తగా ఉంటుందని నమ్మే మనిషి మా క్రిస్పులో అన్న. పెళ్లికొచ్చిన పింగాణీ పళ్లాలు ముప్పై ఏళ్లుగా అద్దాల బీరువాలోనే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ప్లాస్టిక్ పళ్లాల్లో తింటారు. వ్యాను కొని పదకొండేళ్లయినా సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు చించలేదు. ఎండాకాలం అందులోంచి దిగేవాళ్ల చొక్కాలు పిండితే బకెట్టు నిండుతుంది.

ఆ వ్యానుకు ఇంజను అడుగున ఒక నల్లటి మూత ఉండేది. రోడ్డు మీది నీళ్లూ బురదా బెల్టుల మీదికి ఎగజిమ్మకుండా కంపెనీవాళ్లు బిగించింది. అది బురద పడి పాడైపోతోందని అన్న దాన్ని ఊడదీయించి, కడిగి, గుడ్డ చుట్టి మంచం కింద దాచాడు. తడిసిపోతుందని గొడుగును చంకలో పెట్టుకుని వానలో నడిచేవాణ్ణి చూడాలనుంటే మా ఊరు హగోనోయ్ రండి.

ఊడదీసింది నేనే. మెకానిక్కుని. నిజానికి నాకూ సంతోషమే. ఆయిలు మార్చిన ప్రతిసారీ వ్యాను కింద వెల్లకిలా పడుకుని పద్నాలుగు బోల్టులు విప్పాలి, మళ్లీ బిగించాలి. అన్నా, ఇంజనుకు గాలాడాలి, ఈ మూత దండగ అని సలహా కూడా పారేశాను. నా నడుంనొప్పి ఆ రోజు ఇంజనీరింగు మాట్లాడింది.

మాది సముద్రం పోటెత్తితే వీధుల్లోకి ఉప్పునీళ్లు వచ్చే ఊరు. అన్న వారానికి మూడుసార్లు ఆరుగురు కిడ్నీ రోగుల్ని మలోలోస్ ఆస్పత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్తాడు. వాళ్లలో మా నెనిత అక్క ఒకతె. మొన్న జూలైలో ఒక మంగళవారం, పోటు నీళ్లకు బెల్టు తడిసి జారిపోయి, వ్యాను సగం దారిలో ఆగిపోయింది. వేరే బండి దొరికేసరికి వాళ్ల వంతు దాటిపోయింది. మర్నాడు మిషను ఖాళీ అయ్యేదాకా అక్క పడుకోలేక, కూర్చునే ఊపిరి పీల్చుకుంది. ఇతరుల్ని తిట్టడానికి నాకెప్పుడూ మాటలు తక్కువ కావు. నన్ను తిట్టుకోవడానికి మాత్రం చాల్లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. ఇద్దరం మూత కోసం పరుగెత్తాం. మంచం కింద గుడ్డమూటలో పాత అట్టముక్కలున్నాయి. మూత వంటింటి రేకు మీద ఉంది, నిండా ఉప్పుచేపలతో. దొరాయ్ వదిన రెండేళ్లుగా అందులోనే ఎండబెడుతోందట. అంచులున్నాయి, నీళ్లు కారడానికి బెజ్జాలున్నాయి, ఇంతకన్నా మంచి పళ్లెం ఏ కంపెనీ చెయ్యలేదని ఆమె అభిప్రాయం.

"నువ్వు దాచినవాటిలో పనికొచ్చింది ఇదొక్కటేనయ్యా," అంది వదిన.

సబ్బుతో కడిగాం. నిమ్మకాయలతో రుద్దాం. ఇంజను మోత వినపడకుండా లోపల అతికించిన స్పాంజి రెండేళ్ల చేపల రసం తాగి కూర్చుంది, వదల్లేదు. కొత్తది తెప్పించాలంటే నెల పడుతుంది. గురువారం మళ్లీ పోటు. అలాగే బిగించాను. పద్నాలుగు బోల్టులూ, ఒక్కటీ ఎగ్గొట్టకుండా.

గురువారం నేనూ వాళ్లతో ఎక్కాను. నీళ్లు చక్రాల సగానికి వచ్చినా ఇంజను దగ్గనైనా దగ్గలేదు. కాని అది వేడెక్కినకొద్దీ సీట్ల కిందనుంచి ఉప్పుచేప వేగుతున్న వాసన లేచింది. వెల్లుల్లి అన్నం, ఉప్పుచేప లేనిదే మావాళ్లకు తెల్లవారదు. అలాంటివాళ్లలో ఏరికోరి, డాక్టర్లు ఉప్పు మానిపించిన ఆరుగురిని ఆ వాసన మీద కూర్చోబెట్టాం. ఆరుగురూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. దారి పొడుగునా అన్న అద్దంలోంచి వాళ్ల మొహాలే చూస్తున్నాడు.

ఆస్పత్రి ముందు, వాళ్ల వంతుకు పావుగంట ముందే దిగాం. అన్న నన్ను పక్కకు లాగాడు.

"వీళ్ల ఉసురు నాకొద్దు తమ్ముడూ. తీసెయ్ ఆ మూత."

మా అక్క తలుపు పట్టుకుని మెల్లగా దిగుతోంది. ఆ మాట ఆమె చెవిన పడింది.

"దాని మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతా," అంది నాతో. తర్వాత అన్న వైపు తిరిగింది. "నాలుగేళ్లయింది ఉప్పుచేప మొహం చూసి. వెళ్లేటప్పుడు కాస్త నెమ్మదిగా పోనియ్యి అన్నా."