ఓబులమ్మ ఊడవని చోటు

చెట్టు కింద మట్టిని ఈనెల చీపురు గీకే చప్పుడు వినబడితే నేను చేతిలో పని వదిలేసి పరుగెడతాను. మొన్న ఆత్మకూరులో మా బడికి కొత్తగా వచ్చిన ఆయా, వేపచెట్టు మొదట్లో రాలిన ఆకునంతా ఊడ్చి కుప్ప చేస్తుంటే అదే జరిగింది. ఆఫీసు గదిలోంచి రొప్పుతూ వచ్చిన నన్ను చూసి ఆమె బెదిరిపోయింది. సరిగ్గా ఊడవలేదని కోప్పడతాననుకుంది పాపం. ఊడ్చినందుకు పరుగెత్తుకొచ్చే హెడ్మిస్ట్రెస్‌ను ఆమె ఎక్కడ చూసి ఉంటుంది? ఆ చప్పుడు వింటే నాకు ఓబులమ్మ గుర్తొస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ఉదయగిరిలో వేశారు. ఓబులమ్మ ఆ బడిలో ఆయా. దుత్తలూరు వైపు మేకలు మేపుకునే ఇంట్లో పుట్టిన మనిషి. ఆమె గర్వమంతా ఊడవడంలోనే ఉండేది. పొద్దున్నే రెండు వేపచెట్ల కింద ఒక్క ఆకు లేకుండా ఊడ్చి, "అన్నం పెట్టుకోని తినొచ్చు టీచరమ్మా" అనేది. నిజమే, కానీ ఏటా కొంత మట్టి కొట్టుకుపోయి వేళ్లు పైకి తేలాయి. పిల్లలు తట్టుకుని పడుతున్నారని హెడ్మాస్టరు గారు మొదళ్ల దాకా సిమెంటు పోయిస్తానన్నారు. సైన్సు టీచర్ని కదా, చెట్లు చస్తాయని అడ్డుపడ్డాను. వేళ్లు కప్పే మొక్కలు వేద్దామని మాటిచ్చి నెల్లూరు నుంచి లాన్ గడ్డి తెప్పించాను. ఆ గడ్డికి ఎండ కావాలని, చిక్కటి నీడలో బతకదని నాకు తట్టనే లేదు. వేసవి సెలవులు అయ్యేసరికి అది పాలిపోయి చచ్చింది. మిగిలిన పరకలు మేకలు తినేశాయి.

బడి తెరిచిన రోజు మేస్త్రీ టేపు పట్టుకుని చెట్ల కింద కొలతలు తీస్తున్నాడు. "ఏమ్మా, మీ గడ్డి ఏమైంది?" అన్నారు హెడ్మాస్టరు గారు అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది. "సెలవుల్లో ఓబులమ్మ నీళ్లు పోయలేదండీ" అనేశాను. ఓబులమ్మ నా వైపు ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగింది.

"గడ్డి సంగతి నన్నడగొద్దు సారూ. వేళ్లు తేలింది మాత్రం నా వల్లే. ఇన్నేళ్లూ నా చీపురే ఈ మట్టిని తినేసినాది. తప్పు నాదే. ఇంక ఈ చెట్ల కింద ఊడవను."

"ఊడవకపోతే ఇంక ఆయా ఎందుకు?" అన్నారాయన.

"ఒక్క వానకాలం చూడండి. నేను తెచ్చి నాటతాను. బతక్కపోతే సిమెంటు పోయండి, నన్నూ పంపించేయండి."

ఆయన మేస్త్రీని వెనక్కి పంపారు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని మొక్క ఎంచాం. నేను పసుపుపూల తీగ పేరు చెప్పాను. "నీళ్లెవరు పోస్తారు? ఈడ వేసేది నీళ్లు అడగకూడదు, నీడలో ఏడవకూడదు, ఎండాకాలం పచ్చగా ఉండాల, మేక మూతి పెట్టకూడదు" అంది. అలాంటిది ఏముందని వెక్కిరింపుగా అడిగాను. మర్నాడు గోనెసంచిలో చాగ దుంపలు తెచ్చింది. వాళ్ల ఊరి కంచెల కింద కత్తుల్లా నిలువుగా పెరిగే చారల ఆకుల మొక్క. "మా నాయన దీని నారతోనే మేకలకు పలుపులు పేనేవాడు. ఆకును మాత్రం ఒక్క మేకా కొరకలేదు" అంది. వేళ్లు తెగకుండా వాటి సందుల్లో మట్టి పోసి నాటాం.

అసలు కష్టం నాటాక మొదలైంది. ఊడవకుండా ఉండడానికి ఆమె చేతులు ఊరుకునేవి కావు. చీపురు పట్టుకుని చెట్టు దాకా వెళ్లడం, రాలిన ఆకును చూసి నిట్టూర్చడం, వెనక్కి తిరగడం. ఆయాకు ఒళ్లు బరువెక్కిందని పిల్లల తల్లులు అన్నా సహించింది. వానకాలం అయ్యేసరికి నాటినవన్నీ బతికాయి. మూడో ఏటికి వేళ్లు కనబడనంతగా అల్లుకున్నాయి. సిమెంటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏడే నాకు బదిలీ అయింది. బయలుదేరే ముందు ఓబులమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, గడ్డికి నువ్వు రోజూ నీళ్లు పోశావు. నేను అబద్ధం చెప్పాను."

"నాకు తెలీకనా? బిందెలు మోసింది నేనే గదా."

"మరి ఆ రోజే సారుకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తావని చూసినాను. మూడేళ్లు పట్టిందే నీకు!" అని నవ్వి, "ఏంది నిలబడినావు? పో, బస్సెక్కే లోపల సారుకు గూడా చెప్పిరాపో" అంది.

వెళ్లి చెప్పాను. నాకు పాఠం చెప్పిన వాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఇంత ప్రేమగా తరిమిన వాళ్లు లేరు.

ఓబులమ్మ ఇప్పుడు లేదు. ఉదయగిరి నుంచి తెచ్చుకున్న చాగ పిలకలు ఈ ఆయా రాకముందే నాటించాను, ఆత్మకూరు వేపచెట్టు కింద. అక్కడ ఊడవొద్దని కొత్త ఆయాకు చెప్పడం మాత్రం మరిచాను. ఆమె చీపురు వెనక దాచుకుని నిలబడింది. టీచర్లంతా వరండాలోంచి చూస్తున్నారు.

"తప్పు నాదమ్మా, నీకు ముందే చెప్పాల్సింది" అన్నాను. ఆ మాట అనడానికి ఇప్పుడు నాకు మూడేళ్లు పట్టడం లేదు.