ఆ సెంటర్ కాదు

టెక్కలి నుంచి పలాస వెళ్లే బస్సులో నా పక్కన ఉద్దానం రైతు దంపతులు కూర్చున్నారు. పత్రిక పని మీద నేను హిమాచల్‌లో రెండేళ్లున్నానని మాటల్లో తెలియగానే ఆమె నా వైపు తిరిగింది.

"మా పాపకి బ్యాంకు ఉద్యోగం అక్కడే ఏసారు బాబూ. మూడూర్లు సెప్పి ఒకటి కోరుకోమన్నారు. మమ్మల్నీ రమ్మంతంది. ఏ ఊరు మంచిదో సెప్పు."

ఆమె చూపించిన చీటీలోని మూడు పేర్లలో కొండ మీది ఊరు నాకు ఇష్టం. దేవదారు చెట్లు, మంచు, తక్కువ అద్దెలు అంటూ వర్ణించాను.

"సెంటరుందా?" అని అడిగిందామె.

"ఎందుకు లేదు? సాయంత్రమైతే ఊరంతా అక్కడే తిరుగుతుంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఆ సెంటర్ కాదు బాబూ. రగతం కడిగే సెంటరు." చొక్కా చెయ్యి పైకి లాగి, అంటించిన దూది చూపించాడు. "వారానికి మూడుమాట్లు. మంచు సూత్తే కిడ్నీలు పనిసేత్తాయేటి?"

అక్కడి నుంచి పెద్దాసుపత్రికి నాలుగు గంటల కొండదారి అని ఒప్పుకున్నాను. ఆమె నా పెన్ను అడిగి ఆ పేరు కొట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి ఎవరెవరో వచ్చి ఉద్దానం నీళ్లు పరీక్షలకని సీసాల్లో పట్టుకెళ్లారు. ఊరూరా ఉన్న ఈ కిడ్నీ జబ్బుకు కారణం తేల్చి చెప్పినవాళ్లు లేరు. టీ కొట్లూ కబుర్లూ ఉండాల్సిన మాటకు మాత్రం ఈ అర్థం మిగిల్చారు.

ఆమె కూతురికి ఫోన్ చేసింది. "కొండ మీదూరు వద్దమ్మా. సెంటరున్న ఊరు రాయి."

స్పీకర్‌లో "సరేనమ్మా" అని వినిపించింది. ఏ సెంటరని ఆ అమ్మాయి అడగలేదు.