ఎండిపోయిన బోరు నంబరు

రేకు మీద అంకెలు కొట్టే టంగుటంగు మోత వింటే నాకు ఇప్పటికీ సలోమి మేడం గుర్తొస్తుంది. మొన్న కారంపూడి దగ్గరి ఒక పల్లెలో, కొత్తగా వేసిన బోరు పక్కన కూర్చుని అల్యూమినియం బిళ్ల మీద నంబరు కొడుతున్నాను. "వంకర పోయిందంటే మళ్లీ కొట్టిస్తా అమ్మాయ్" అని వెనక నుంచి అన్నట్టే అనిపించి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. మేడం పోయి ఏడాది దాటింది.

నరసరావుపేటలో మా నీటి పరీక్షల ల్యాబుకు ఆమే పెద్ద. నేను చేరిన కొత్తలో బోర్లను యజమానుల పేర్లతో పిలిచేవాళ్లం. ఏ సుబ్బయ్యో చేను అమ్మేశాడా, ఇక ఆ బోరేదో, దాని పాత రిపోర్టులేవో దేవుడికే తెలియాలి. అందుకని మేడం ప్రతి బోరుకూ ఒక ఉత్త నంబరు ఇచ్చింది. అందులో జిల్లా, మండలం, ఊరు కూడా కలిపితే చూడగానే తెలిసిపోతుందని నేను తెలివిగా సలహా ఇచ్చాను.

"ఏందమ్మాయ్, నంబరులో ఊరెందుకు? అవన్నీ పక్కన రాసుకో. మారితే దిద్దుకుంటాం. నంబరు మాత్రం మారకూడదు" అంది. నాకు ఒళ్లు మండింది. కొన్నేళ్లకు గుంటూరు నుంచి మా జిల్లా వేరుపడింది. నంబర్లలో జిల్లా కలుపుకున్నవాళ్లు పాతవీ కొత్తవీ పొసగక తలలు పట్టుకుంటే, మేం జిల్లా పేరొక్కటే దిద్దుకుని తీరిగ్గా టీ తాగాం. "ఏమే, ఇప్పుడు చెప్పు" అని ఆ వారమంతా నన్ను ఏడిపించింది.

ఆమె పట్టుదల అసలు విలువ తెలిసింది మాత్రం ఆ పల్లెలోనే. అప్పట్లో ఒక మండు వేసవిలో ఊరికి నీళ్లిచ్చే బోరు ఎండిపోతే, దాని పక్కనే చాలా లోతుగా ఇంకోటి వేశారు. మేం వెళ్లేసరికి బిందెలు బారులు తీరి ఉన్నాయి. సర్పంచి కోటయ్యగారు పాలపళ్లు వస్తున్న మనవరాలిని చంకనేసుకుని ఎదురొచ్చారు.

"పాత నంబరే కొట్టండి మేడంగారూ. చోటు అదేగా! దాని రిపోర్టులన్నీ బాగానే ఉన్నయ్. కొత్త నంబరంటే మళ్లీ పరీక్ష, మళ్లీ ఆలస్యం."

"చోటు అదే అన్నా, నీళ్లు అయ్యి కాదు. చచ్చిపోయినోడి ఆధార్ ఇంకోడికి ఇస్తారా?" అంది మేడం.

"జనం దాహంతో చస్తంటే ఈమె నంబర్లంటదేంది!" అని ఆయన అరిచారు. జనం కూడా మా మీదికొచ్చారు. మేడం మాత్రం కొత్త నంబరే కొట్టించి, సీసాలో నీళ్లు తనే పట్టింది. ల్యాబుకొచ్చాక కంప్యూటర్లో పాత నంబరు తీసేయలేదు. దాని కింద "ఎండిపోయింది. పక్కనున్నది వేరే బోరు" అని రాసి, కొత్త నంబరు చూపించింది. ఆ పాత నంబరు ఎవరు వెతికినా ఇప్పటికీ ఆ మాటే కనిపిస్తుంది.

పరీక్షలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంది. ఆ సంగతి చెప్పడానికి మేడం తనే వెళ్లింది. పక్క ఊళ్లో అలాంటి నీళ్లే తాగి పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయిన మనుషులను కోటయ్యగారు ఎరుగును. మనవరాలి నోటివైపు చూస్తూ అక్కడే కూలబడ్డారు. "ట్యాంకర్ వచ్చిందాకా నేను పోను అన్నా" అని మేడం సాయంత్రం దాకా ఫోన్లలో అధికారులను వేపుకు తిని, ట్యాంకర్ తెప్పించింది. ఆ బోరుకు ఎర్ర రంగు వేసి, బట్టలకూ గొడ్లకూ వదిలేశారు.

మొన్న వేసింది మూడో బోరు. నేను బిళ్ల మీద నంబరు కొడుతుంటే, కొత్తగా వచ్చిన ఇంజనీరు కుర్రాడు, "మేడం, మొదటి బోరు నంబరు ఖాళీగానే ఉందిగా, అదే వేసేద్దాం" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే కర్ర పొడుచుకుంటూ వచ్చిన కోటయ్యగారు అందుకున్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ నంబరు జోలికి పోమాక. కొత్తది కొట్టనియ్, పరీక్ష చెయ్యనియ్. ఆ మేడంకి తెలిసిందంటే మనల్ని బతకనీదు."

తర్వాత నావైపు తిరిగి, "చానా మంచిదమ్మా. మేడంగారు బాగుందా?" అని అడిగారు.

తల వంచుకుని చివరి అంకె కొట్టాను, వంకర పోకుండా.