గేటమ్మ రాసిన తప్పు లెక్క

అడవి గేటు దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు కూర్చున్న మనిషి ఆ అడవిలోకి ఒక్కసారి కూడా పోలేదంటే నమ్ముతారా? నమ్మాలి మరి. ఊరంతా గేటమ్మ అని పిలిచే ఆవిడ సంగతి అదే.

ఆవిడ పని చెప్పుకోవడానికి చిన్నదే. లోపలికి పోయేవాళ్ళ పేర్లూ, ఎంతమందో రిజిస్టర్లో రాయాలి. తిరిగొచ్చాక తలలు లెక్కపెట్టి ఎర్ర సిరాతో గీత కొట్టాలి. ఒక్క తల తగ్గినా వెతికేవాళ్ళని పంపాలి. లోపల ఒక్క మనిషి ఉన్నా గేటు వదలకూడదు, ఆ అడవి బాటలో ఎవరో ఒకరు లేని రోజంటూ లేదు. ఇంకెక్కడికి కదులుతుంది? నలుగురని రాయించి ముగ్గురొస్తే, "నాలుగోవాడు వెనకాలే వస్తున్నాడమ్మా" అని కాళ్ళు పట్టుకున్నా సరే, వాణ్ణి కళ్ళతో చూస్తేగానీ గీత కొట్టేది కాదు. లెక్క దగ్గర ఆవిడకి తన, పర లేవు.

బాట ఈనాటిది కాదు. రోడ్లు లేని కాలంలో టపావాళ్ళు ఉత్తరాల మూటలు నెత్తిన పెట్టుకుని కొండ అవతలి ఊళ్ళకి ఆ దారినే పోయేవాళ్ళు. వాళ్ళు పరిచిన రాతి మెట్లు, మూట దించుకోవడానికి నిలబెట్టిన రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఏడు మైళ్ళు నడిస్తే సరస్సు, దాని గట్టున ఒక రాతి గది. ఆ గదిలో ఇనప పెట్టె, పెట్టెలో ఇంకో పుస్తకం. అక్కడిదాకా చేరినవాళ్ళు అందులోనూ పేరు, లెక్క రాసి రావాలి. కింది లెక్కా, పై లెక్కా ఒకటే ఉండాలని రూలు. పైకి పోయి చూసేదెవరు గనక!

ఆ దారి పొడుగునా చెట్లకి పసుపు గుర్తులు వేసేది గేటమ్మ మొగుడే. రంగులాయన అనేవాళ్ళు. ఏటా వానలు వెలిశాక డబ్బా, కుంచె పట్టుకుని ఒక్కడే పోయేవాడు. తిరిగొచ్చి, గోళ్ళలో ఆ పసుపు వదలకుండానే భోజనానికి కూర్చుని సరస్సు కబుర్లు మొదలెట్టేవాడు.

"పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఇంకో రంగు. నువ్వు చూడాలే."

"చూపించండి మరి, ఎవరొద్దన్నారు?"

"నీ గేటే వద్దంది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. రిటైరయ్యాక కలిసి పోదామనుకున్నారు. ఆయన రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుందనగా, ఒక పొద్దున కుర్చీలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ అలాగే పక్కకి వాలిపోయాడు. చెప్పాపెట్టకుండా పోవడమంటే అదీ.

ఆ తర్వాత నాలుగేళ్ళకి ఆవిడా రిటైరైంది. అప్పటికి మోకాళ్ళు మొరాయించాయి. "ఈ ఏడాది నడిచిందే నడకమ్మా" అన్నాడు డాక్టరు. ఆవిడ సరాసరి ఆడపడుచు కుట్టుమిషను ముందుకొచ్చి నిలబడింది.

"సరస్సుకి పోతున్నాను."

"మతి ఉండే మాట్లాడుతున్నావా వదినా? వీధి చివరి కూరగాయలకే ఆటో ఎక్కుతావు!"

"వస్తావా, రావా?"

"రాక చస్తానా? నిన్నొక్కదాన్నీ పంపితే మా అన్న కల్లోకొచ్చి తిడతాడు."

గేటు దగ్గర కొత్తగా చేరిన పిల్ల "2" అని రాసి ఊరుకుంది. గేటమ్మ ఊరుకుంటుందా? "అంకెలో రాసి వదిలేస్తే ఎలా? పక్కన అక్షరాల్లో కూడా రాయి" అని "ఇద్దరు" రాయించాకే లోపల అడుగు పెట్టింది.

మొదటి మైలంతా చెట్టు చెట్టుకీ ఆగి పసుపు గుర్తు తడిమి చూసింది. మూడో మైలుకి మాటలు ఆగిపోయాయి. అయిదో మైలుకి తలప్రాణం తోకకొచ్చి, టపావాళ్ళు మూట దించిన రాయికే చేరగిలబడింది.

"దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా? దిగిపోదాం పద" అంది ఆడపడుచు.

"నోరుమూసుకో. సగంలో తిరిగొచ్చిన వాళ్ళని ముప్ఫై ఏళ్ళు ఎగతాళి చేశానే నేను. ఏ మొహం పెట్టుకుని దిగను?"

మధ్యాహ్నం దాటాక చేరారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. నీళ్ళు బూడిద రంగులో, కదలకుండా ఉన్నాయి. సరస్సు అనుకున్నదానికన్నా చిన్నది.

"ఇంతేనా!" అనేసింది ఆడపడుచు.

గేటమ్మకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. చూపిస్తానన్న మనిషి లేకుండా ఈ నీళ్ళేం చేసుకోను అనిపించింది. ఆయన పక్కన ఉండి "అదిగో" అని చెయ్యి చూపిస్తే చాలు, ఈ బూడిదనే బంగారమనుకునేది.

రాతి గదిలోకి పోయి పెట్టె తెరిచింది. లావుపాటి పుస్తకం, అట్ట మీద పసుపు వేలిముద్రలు. ఆ ముద్రలెవరివో ఒకరు చెప్పక్కర్లేదు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆయన రాత వెతికి పట్టుకుంది. తేదీ. పని: గుర్తులు వేయుట. ఎంతమంది: ఇద్దరు.

గేటమ్మ భృకుటి ముడిపడింది. పేజీలు తిప్పింది. మరుసటేడూ ఇద్దరే. ఆ పైఏడూ అంతే. కింద గేటు దగ్గర ఏటా తన చేత్తోనే "ఒక్కరు" అని రాసుకుంది కదా!

"ఏమేవ్, మీ అన్న ఎవర్ని వెంటేసుకొచ్చేవాడే ఇక్కడికి?"

ఆడపడుచు కంగారుగా వంగి పేర్ల గడి చూసింది. చూసి, అక్కడ వేలు పెట్టింది. ఆయన పేరు. దాని కింద గేటమ్మ పేరు. ప్రతి ఏడూ, ఇంటి పేరుతో సహా.

"దొంగలెక్క రాస్తారా! నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టి..." పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆడపడుచు ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది.

చాలాసేపటికి, "ఇలా ఇవ్వు వదినా, మన పేర్లు నేను రాస్తాను" అంది.

గేటమ్మ ఇవ్వలేదు. కళ్ళు తుడుచుకుని తనే పెన్ను తీసింది. ఆయన పేరు రాసింది. కింద తన పేరు, ఆ కింద ఆడపడుచు పేరు. లెక్క గడిలో 3 వేసి, పక్కన అక్షరాల్లో "ముగ్గురు" అని రాసింది.

"అయ్యో వదినా, కింద ఇద్దరమనే రాయించావు కదా! లెక్క కలవకపోతే మూడో మనిషి కోసం అడవంతా వెతుకుతారు."

గేటమ్మ పుస్తకం మూసి పెట్టెలో పెట్టింది.

"వెతకనీ" అంది.